నూకరత్నం గారి చెంప మీది మచ్చ

కోనసీమ జిల్లా ఏర్పడిన తరువాతి ఏడాది వేసవిలో నన్ను సముద్రం వైపున్న ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి బదిలీ చేశారు. కార్యాలయం పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్లెవరిదీ ఇందులో తప్పు లేదు, ఉన్నదల్లా నాదే. జూనియర్ అసిస్టెంటుగా చేరి సబ్ రిజిస్ట్రార్ కుర్చీ దాకా వచ్చేసరికి నాకు పదవీ విరమణ రెండేళ్ల దూరంలో ఉంది. చివరి పేజీ దాకా చదవందే ఈవిడ సంతకం పెట్టదని దస్తావేజు లేఖరులు నా గురించి చెప్పుకునేవారు. అది విని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

చేరిన నెలలోనే ఒక కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. కార్యాలయంలో కంప్యూటర్లకు విడిగా కెమెరాలు ఉండేవి. ల్యాప్‌టాప్ మాత్రం ఇళ్ల దగ్గర చేసే రిజిస్ట్రేషన్ల కోసం. మంచాన పడి కదలలేనివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారే వాళ్ల ఇంటికి వెళ్లాలి. దీన్ని మా శాఖలో ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. రాసిచ్చే మనిషి స్వయంగా ఒప్పుకోవాలి, ఫొటో తీయాలి, వేలిముద్ర తీసుకోవాలి, ఆ మనిషి ఆ మనిషేనని ఇద్దరు సాక్షులు చెప్పాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా దస్తావేజుకు బలం తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ తెరిస్తే తెరంతా సంతలా ఉంది. మేము అడగని ఆటలు, ఏదో దుకాణం బొమ్మ, ముప్పై రోజులు ఉచితమంటూ మాటిమాటికీ అడ్డుపడే వైరస్ కాపలా, పేరు చూస్తే పనేమిటో తెలియనివి మరో నాలుగైదు. శాఖ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తప్ప మరేదీ ఉండకూడదని మాకు ఉత్తర్వు ఉంది. మా సీనియర్ అసిస్టెంట్ భాస్కరరావు గారు, "ఇవన్నీ తీయించేద్దామాండీ మేడమ్ గారూ?" అని అడిగారు కూడా. సరఫరా చేసిన కంపెనీ మనిషి పక్కనే ఉండి, ఏది తీసినా వారంటీకి తమ పూచీ లేదన్నాడు. బయట వరండా నిండా జనం. 'సరిచూసి స్వాధీనపరచుకున్నాను' అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టేశాను. సరిచూసింది లేదు, చేసింది లేదు.

ప్రతి సోమవారం పై అధికారులతో వీడియో సమావేశం ఉండేది. దానికి ఆ ల్యాప్‌టాప్ ముందే కూర్చునేదాన్ని. మొదటిసారి తెర మీద నా ముఖం చూసుకుని ఆశ్చర్యపోయాను. కళ్ల కింద నలుపు లేదు. ముక్కు పక్కన పుట్టుకతో ఉన్న పెసరగింజంత ఉబ్బెత్తు మచ్చ కూడా లేదు. కొత్త కెమెరా మంచిది కాబోలు అనుకున్నాను. అబద్ధమెందుకు, నాకు నచ్చింది. ఆ సమావేశం ఫొటోను ఎవరో మా అధికారుల గ్రూపులో పెడితే ఫోనులో దాచుకున్నాను.

శ్రావణమాసంలో ఓడలరేవు వైపున్న ఒక మత్స్యకారుల ఊరి నుంచి ప్రైవేట్ అటెండెన్స్ దరఖాస్తు వచ్చింది. నూకరత్నం గారు డెబ్బై దాటిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడంతో వేళ్లు నున్నగా అరిగిపోయాయి. చిన్నప్పుడు దీపం మీద పడడంతో ఎడమ చెంప సగం మేర కాలిన మచ్చ. భర్త ద్వారా వచ్చిన ఇంటిని ఆవిడ తన చెల్లెలి కూతురు వీరవేణికి దానంగా రాసిస్తోంది. వీరవేణి ఆ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, ఆవిడను కనిపెట్టుకుని ఉండేది.

నియమం ప్రకారం వీరవేణిని బయటికి పంపి, ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగాను.

"ఆయ్, నా ఇట్టంగానే రాత్తన్నానండీ. ఆ పిల్ల లేకపోతే నాకు గంజి పోసేవోళ్లెవరండీ?" అందావిడ.

వేలిముద్ర యంత్రం నాలుగుసార్లు తీసుకోనంది. సిరా అద్దించి కాగితం మీద వేయిస్తే నల్లటి మరక పడింది. వేలిరేఖలు అరిగిపోయాయని, సాక్షుల గుర్తింపు మీద రిజిస్టరు చేస్తున్నానని దస్తావేజు వెనక రాశాను. ఫొటో తీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసుకుని "బాగా పడ్డానండీ" అంది. కిటికీలోంచి ఎండ తెర మీద పడుతోంది. నేనూ బాగానే వచ్చిందనుకుని మూసేశాను.

రెండు వారాలకు ఆవిడ పోయింది. ఆ తరువాతి నెలలో జిల్లా రిజిస్ట్రార్ నుంచి నాకు తాఖీదు వచ్చింది. నూకరత్నం గారి మరిది కొడుకు అప్పారావు దస్తావేజు నకలు తీయించి, ఫిర్యాదు పెట్టాడు. మంచంలో ఉన్న మా దొడ్డమ్మ బదులు మరో ఆడమనిషిని కూర్చోబెట్టి ఇల్లు రాయించుకున్నారు, సబ్ రిజిస్ట్రార్ కుమ్మక్కయింది, అని. దానం చెల్లకపోతే భర్త తరఫు వారసుడిగా ఇల్లు అతనికే వస్తుంది. వేలిముద్ర పోల్చడానికి వీల్లేదని నిపుణులు తేల్చేశారు. సాక్షులిద్దరూ వీరవేణి ఇరుగుపొరుగే. ఇక మిగిలింది ఫొటో ఒక్కటే. ఆరోపణ నిలబడితే వీరవేణి వీధిన పడుతుంది, నేను పోలీసు కేసులో ఇరుక్కుంటాను.

మర్నాడే వీరవేణి ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దొడ్డమ్మని నేను మార్చేసేనంటన్నారండీ ఊళ్లో. తలెత్తుకుని బయటికి రాలేకపోతన్నానండీ. మీరు మచ్చ చూసేరు కదండీ మేడమ్ గారూ?"

చూశానని చెప్పి పంపించాను. తలుపు వేసుకుని రికార్డులోని ఫొటో తెరిచాను. చెంప నున్నగా ఉంది. ఎంత పెద్దది చేసి చూసినా మచ్చ లేదు. ఆ మచ్చ నేను నిజంగా చూశానా, ఫిర్యాదు చదివాక చూశాననుకుంటున్నానా? అంత చదివి సంతకం పెట్టే నా కళ్లుగప్పి మనిషిని మార్చేశారా? రెండు రోజులు అన్నం సయించలేదు.

సోమవారం సమావేశానికి యథాప్రకారం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద నా ముఖం కనిపించింది. చెయ్యి దానంతటదే ముక్కు పక్కకు పోయింది. వేలికి మచ్చ తగులుతోంది, తెర మీద లేదు. సమావేశం మధ్యలోనే భాస్కరరావు గారిని పిలిచాను. ఆయన అరగంట వెతికి పట్టుకున్నారు. కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్‌తోపాటే ఎక్కించి పంపిన పేరు తెలియని సాఫ్ట్‌వేర్లలో ఒకటి కెమెరాను పట్టుకుని కూర్చుంది. ఎవరూ అడగకుండానే ముఖం మీది ముడతలూ మచ్చలూ తుడిచి మరీ ఇస్తుంది. మనం వద్దని చెప్పేదాకా దాని పని అదే. భాస్కరరావు గారు కోపంగా "ఇప్పుడే తీసి పారేత్తానండీ" అన్నారు. ముట్టుకోవద్దన్నాను. ల్యాప్‌టాప్‌ను అలాగే సంచిలో పెట్టి, ఆయన ఎదుటే లక్కతో సీలు వేశాను.

విచారణ జిల్లా రిజిస్ట్రార్ గదిలో జరిగింది. బల్లకు ఒక పక్క అప్పారావు, అతని వకీలు. రెండో పక్క వీరవేణి, నేను. ఫిర్యాదు చదవడం అయ్యాక అనుమతి తీసుకుని సీలు విప్పాను. అప్పారావునే కెమెరా ముందు కూర్చోమన్నాను. అతని గడ్డం మీద మోకు కోసిన గాటు ఒకటి లోతుగా ఉంది. ఫొటో తీసి తెర అతని వైపు తిప్పాను. గాటు లేదు. అతను గడ్డం తడుముకున్నాడు.

"మరి దొడ్డమ్మకి ఆ మచ్చ తీసేత్తే నేనెలా పోల్చుకుంటానండీ?" అన్నాడు. అతను అబద్ధపు ఫిర్యాదు పెట్టలేదని అప్పుడే నాకు అర్థమైంది.

వకీలు మాత్రం వదల్లేదు. ఈ సాఫ్ట్‌వేర్ ఈరోజు ఉందని మాత్రమే తేలింది, దస్తావేజు రోజున ఉందని రుజువేమిటి, కంప్యూటర్లో తేదీలు ఎవరైనా మార్చవచ్చు, తప్పు కప్పిపుచ్చుకోవడానికి తాఖీదు అందాకే పెట్టి ఉండవచ్చు కదా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జిల్లా రిజిస్ట్రార్ నా వైపు చూశారు. వీరవేణి చేతిలో చీర కొంగు నలిగిపోతోంది.

రుజువు నా దగ్గర ఉంది. గ్రూపులోకి వచ్చిన ఆ మొదటి సమావేశం ఫొటో దస్తావేజుకు రెండు నెలల ముందుది. అందులో నా ముఖం మీద మచ్చ లేదు. అది ఎంతోమంది అధికారుల ఫోన్లలో ఉంది, ఎవరూ మార్చలేరు. కానీ దాన్ని బల్ల మీద పెడితే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పెట్టకుండా ఊరుకుంటే, అప్పారావే మెత్తబడ్డాడు కాబట్టి కుమ్మక్కు మాట ఎలాగూ వీగిపోవచ్చు, నాకు ఏమీ తెలియదనే మాట నిలుస్తుంది, నా తప్పు తేలికగా పోతుంది. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా. ఆ నిమిషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. తరువాత ఫోను తీసి జిల్లా రిజిస్ట్రార్ ముందు పెట్టాను.

ఆయన ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "అంటే కెమెరా సంగతి మీకు ముందే తెలుసాండీ?" అని అడిగారు.

"ఆయ్, నా మచ్చ కనపడటం లేదని తెలుసండీ. బాగున్నానని ఊరుకున్నానండీ. ఎందుకని అడగలేదు" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత కష్టపడి చెప్పిన మాట మరొకటి లేదు. సంజాయిషీలో కూడా అదే రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఫిర్యాదు కొట్టేశారు, దానం చెల్లింది. వీరవేణి ఇప్పటికీ ఆ ఇంట్లోనే మిషను కుట్టుకుంటోంది. నిర్లక్ష్యానికి నన్ను అభిశంసించి ఆ సంగతి నా సర్వీసు రిజిస్టరులో రాశారు. నేను అప్పీలు చేయలేదు. ఆ ల్యాప్‌టాప్‌తో ఇళ్ల దగ్గర రిజిస్టరు చేసిన ప్రతి మనిషి దగ్గరికీ మళ్లీ వెళ్లి, వేరే కెమెరాతో ఫొటో తీసి రికార్డుకు జతచేశాం. ఈలోగా చనిపోయినవాళ్ల ముఖాలను మాత్రం సరిచేయడానికి వీల్లేకపోయింది.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇది. రిజిస్ట్రేషన్ అధికారి మనిషినీ ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఫొటో బాగుందా లేదా అన్నది అతని పని కాదు. కొత్త యంత్రంలో అడగనిది ఏది ఉన్నా, సంతకానికి ముందే అది ఏమి చేస్తుందో తెలుసుకోవాలి. మనకు ఇబ్బంది కలిగించేవాటిని ఎలాగూ తీయిస్తాం. నచ్చినదాన్ని మాత్రం ఎవరూ తీయించరు, కాబట్టి ముందు దాన్నే అనుమానించాలి.