మా అత్తకు మండూరం

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. వంటింటి తలుపు కొట్టుకోకుండా ఎప్పటినుంచో అడ్డంగా పెట్టుకున్న రాయిని పెయింటర్ కాలితో పక్కకు నెట్టి, "ఆంటీ, ఏ ఫేంక్ దూఁ క్యా?" అన్నాడు, పారేయనా అని. నేను "నహీఁ" అని అరిచిన అరుపుకి నిచ్చెన మీదున్న రెండోవాడు బ్రష్ జారవిడిచాడు. కొబ్బరికాయంత ఉంటుంది ఆ రాయి. బూడిదరంగు, ఒళ్ళంతా చిల్లులు, ఒక పక్క గాజులాంటి మెరుపు. రాయి అంటున్నాను గానీ అది రాయి కాదు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం. ప్లాంటు భాషలో స్లాగ్. నా చదువు పుణ్యమా అని మా అత్త దాన్ని తినవలసి వచ్చేది. ఆవిడ తెలివైనది కాబట్టి తినలేదు.

నా చదువంటే తొమ్మిదో తరగతి వరకే. పెళ్ళయి భిలాయి వచ్చాక మిగతాది మా సెక్టారులో తెలుగువాళ్ళ సంఘం గదిలో చదువుకున్నాను. అక్కడ రెండు ఇనుప బీరువాల నిండా పుస్తకాలుండేవి. మొదటి బీరువా పై అరలో ఎడమ చివర మొదలుపెట్టి, ఏదీ వదలకుండా, వ్యవసాయం, జ్యోతిషం, రేడియో మరమ్మతు, అన్నీ చదువుకుంటూ పోయాను. పిల్లలు బడికి, మా ఆయన బ్లాస్ట్ ఫర్నేస్‌లో డ్యూటీకి వెళ్ళాక ఇంటి పని ముగించుకుని సంచి పట్టుకుని బయల్దేరేదాన్ని. "మా కోడలు కలెక్టరు పరీచ్చకి ఎల్తంది" అని మా అత్త వీధిలో అందరికీ చెప్పేది. వెక్కిరింతే, కానీ అందులో కాస్త గర్వం కూడా కలిసి ఉండేదని నాకు తెలుసు. ఆవిడది శ్రీకాకుళం వైపు. ముప్ఫయ్యేళ్ళు భిలాయిలో ఉన్నా ఆ యాస చెక్కుచెదరలేదు. హిందీ మాట్లాడినా శ్రీకాకుళం హిందీయే మాట్లాడేది.

మా అత్తకు అన్నిటికన్నా ఇష్టమైనది కోలాటం. ఏటా నవంబరు ఒకటిన ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజని సంఘంలో కార్యక్రమం పెట్టేవాళ్ళు. పదహారు మంది ఆడవాళ్ళు, ముప్ఫయి రెండు కోలలు, అందరికీ ముందు మా అత్త. అడుగు మారే చోట "కోపు మార్చండే!" అని ఆవిడ వేసే కేకకి మైకు అక్కర్లేదు. ఈలోగా కొత్త రాష్ట్రం వచ్చింది. ఛత్తీస్‌గఢ్ కూడా సరిగ్గా నవంబరు ఒకటినే పుట్టడంతో మావాళ్ళకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మరుసటి ఏడు ఆ రోజున సెక్టారు మైదానంలో అన్ని భాషలవాళ్ళూ ఆడాలని, తెలుగువాళ్ళ తరఫున కోలాటమని ముందే నిర్ణయించారు. ఒరియావాళ్ళ ముందు, బెంగాలీల ముందు, పంజాబీల ముందు మా అత్త కేక వేయాలి. జూన్ నెల నుంచే సాధన మొదలుపెట్టించింది.

రెండో వారంలోనే ఆవిడ మధ్యలో ఆగిపోయింది. గుండె దడ, కళ్ళు తిరగడం. కేక గొంతులోంచి కాకుండా ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. రుఆబాంధా సెక్టారు నుంచి వచ్చే మా పిన్నత్తగారు, అంటే మా అత్త పినతండ్రి కూతురు, వెంటనే ముందుకొచ్చి నిలబడింది. "అక్కా, నువ్వు కాసేపు కూకో. సూసి సప్పట్లు కొట్టడానికీ మనుసులు గావాలి గదా" అంది. మా అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడున్నర ఉంది. డాక్టరమ్మ మనవైపు మనిషే. కడుపులో నులిపురుగులకి మందు, ఇనుము మాత్రలు రాసిచ్చి, "రక్తం పది దాటేదాకా కోలాటం మాట ఎత్తొద్దు" అంది. నెల తర్వాత మళ్ళీ చూస్తే ఏడున్నర అలాగే ఉంది. జులై అయిపోవస్తోంది. పిన్నత్తగారు ముందు నడవడం అలవాటు చేసుకుంటోంది.

అప్పుడు నేను రెండో బీరువాలో కింది అరకి వచ్చాను. అక్కడ అట్ట ఊడిపోయిన వైద్యగ్రంథం ఒకటి దొరికింది. రక్తం తగ్గి ఒళ్ళు పాలిపోతే దాన్ని పాండురోగం అంటారట. దానికి మండూర భస్మం మంచిదట. ఆయాసం, కాళ్ళవాపు, కామెర్లు, ఆకలి లేకపోవడం, అన్నిటికీ పనిచేస్తుందని, ఉత్త ఇనుము భస్మం కన్నా కడుపుకి మెత్తనిదని, నీరసించినవాళ్ళకీ పెద్దవాళ్ళకీ ఇదే తగినదని రాశారు. మండూరమంటే ఏమిటని కింద చూస్తే, 'ఇనుపచిట్టెము' అని ఉంది. నేను అక్కడే లేచి నిలబడ్డాను. చిట్టెమా! సాయంత్రం పూట ఊరి చివర మరోదా వైపు ఆకాశం ఎర్రగా వెలిగిందంటే అది చిట్టెం పారబోసిన వెలుగే. ఊరి పక్కన కొండలు కొండలుగా పడి ఉన్నది ఆ మందే. శుద్ధి చేసే పద్ధతి ఒక చీటీ మీద రాసుకుని, తరవాతి పేజీ తిప్పకుండానే పుస్తకం మూసి ఇంటికి పరుగెత్తాను. తిప్పి ఉంటే ఈ కథ లేదు.

మా ఆయన నా మాట నమ్మారు. అదే మొదటి ప్రమాదం. మర్నాడు డ్యూటీ దిగుతూ రెండు చిట్టెం ముక్కలు సంచిలో వేసుకున్నారు. పారబోసే వస్తువే అయినా గేటు పాసు లేకుండా ప్లాంటులోంచి మేకు కూడా బయటికి రాకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి తడిమాడు. తెలుగువాళ్ళందరూ వాళ్ళకి రావులే. "రావ్ జీ, టిఫిన్ మేఁ పత్థర్?" అన్నాడు. మా ఆయన అమ్మకి మందని నిజం చెప్పేశారు: "దవాయీ హై సాబ్. మాఁ కే లియే." అతను కాసేపు ఆ ముక్కల్నీ ఈయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాడట. "మాఁ కో పత్థర్ ఖిలాఓగే?" అని అడిగాడట. తల్లికి రాయి తినిపించే కొడుకుని చూడటానికి ఇంకో నలుగురు పోగయ్యారు. వాళ్ళ పెద్దాయన వచ్చి, విషయమంతా విని, నవ్వు ఆపుకోలేక, ఇంకోసారి ఇలా చేయొద్దని చెప్పి ముక్కలతో సహా పంపేశాడు.

చీటీలో రాసుకున్న ప్రకారం చిట్టేన్ని ఎర్రగా కాల్చి గోమూత్రంలో ముంచాలి, అలా ఏడుసార్లు. మరోదాలో ఆవుల్ని మేపే రౌత్ ఇంటినుంచి సీసా నిండా గోమూత్రం తెచ్చాను. పెరట్లో బొగ్గుల సిగిడీ మీద ఒక ముక్క పెట్టి విసనకర్రతో విసిరాను. మా అత్త దూరంగా స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఎర్రబడ్డాక పట్టకారుతో తీసి బకెట్లో వేశాను. టపాకాయలా పేలింది. పొగ, కంపు, నల్లని పెంకులు, నా చీర మీద తుంపర్లు. మెట్టు ఎక్కాలంటే రెండుసార్లు ఆగే మా అత్త ఒక్క ఉరుకులో గుమ్మం దాటి లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

లోపలినుంచే అరిచింది, "ఏటే, నన్ను బాగు సేత్తావా, సంపేత్తావా?"

"అత్తా, ఇంకా ఆరుసార్లే ఉంది. ఆ పైన నూరాలి, పుటం పెట్టాలి."

"ఆరుసార్లు గాదు, అరసారి గూడా ఒద్దు. నీ పుస్తకం ఎవుడైనా తెలిసినోడికి సూపించి రా. అంతవరకు నానీ తలుపు తియ్యను."

అలా ఆవిణ్ణే వెంటబెట్టుకుని, మిగిలిన ముక్క సంచిలో వేసుకుని, పక్కనే ఉన్న దుర్గ్‌లో ఒక పెద్ద వయసు ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద రాయి పెట్టి, నాకు తెలిసిన సంస్కృతం నాలుగు ముక్కలూ పలికాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. రాయిని ఎత్తి బరువు చూసి, "ఏ హ మండూర నోహే, బహినీ" అన్నాడు. ఇది మండూరం కాదమ్మా అని. మీ ప్లాంటువాళ్ళు ఇనుమంతా పిండేసుకున్నాక మిగిలిన పిప్పి ఇది, ఇందులో సున్నం, ఇసుక తప్ప ఏముంటుంది అన్నాడు. అడవుల్లో అగరియా తెగవాళ్ళు మట్టి కొలుముల్లో ఇనుము తీసేవారు, వాళ్ళు పారేసిన చిట్టెంలో ఇనుము ఇంకా మిగిలే ఉంటుంది, అది నూరేళ్ళు మట్టిలో ఉంటే ఉత్తమం, అరవై లోపుదైతే విషంతో సమానం అని చెప్పాడు. "మీ ప్లాంటుకి నలభయ్యేళ్ళు. ఈ రాయి తీసుకుని ఇంకో అరవయ్యేళ్ళకి రా. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను." ఇంటికొచ్చి రాయిని వంటింటి తలుపు దగ్గర దించి, సంఘం గదికెళ్ళి చూస్తే నేను తిప్పని పేజీలో మొదటి వాక్యం ఆ అరవయ్యేళ్ళ మాటే. అప్పటినుంచి ఏ పుస్తకమైనా ఒక పేజీ అదనంగా చదివే మూస్తున్నాను.

నవ్వడం అయ్యాక వైద్యుడు ఆసుపత్రి చీటీ అడిగాడు. చదివి మా అత్త వంక చూశాడు. ఈ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు. మా అత్త పైట సర్దుకుంది. "మేరేకు పేట్ మే గడబడ్ హోతా హై, వైద్ జీ" అని కడుపులో గడబిడతో మొదలుపెట్టి, చివరికి ఒప్పుకుంది. నాలుగో రోజు నుంచే మాత్రలన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో పూడుస్తోందట. ఆ ఏడు మా కరివేపాకు ఎందుకంత నల్లగా నిగనిగలాడిందో నాకు అప్పుడు అర్థమైంది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. "సెప్తే నువ్వు నొచ్చుకుంతావనే. రోజూ నువ్వే గదా మాత్రా నీళ్ళూ పట్టుకొచ్చీది" అంది ఆవిడ.

వైద్యుడు తన దగ్గరున్న మండూర భస్మం పొట్లాలు కట్టాడు. ఇటుక ఎరుపు పొడి. చిటికెడు నా బొటనవేలి మీద రాసి రుద్దమన్నాడు. వేలిగీతల్లోకి వెళ్ళి కూర్చుంది, ఎంత తుడిచినా రాలేదు. గ్లాసు నీళ్ళ మీద చల్లితే మునగకుండా తేలింది. పుస్తకంలో చదివిన పరీక్షలు కళ్ళముందు జరుగుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. భోజనం తర్వాత మజ్జిగతో వేసుకోవాలి, తిన్న గంటదాకా టీ తాగకూడదు, లాల్ భాజీ, అంటే మన ఎర్ర తోటకూర, మునగాకు రోజూ తినాలి, నెలకోసారి ఆసుపత్రిలో రక్తం చూపించుకోవాలి. ఇవీ ఆయన షరతులు. డాక్టరమ్మకి దాచకుండా చెప్పాను. ఆవిడ పొట్లం వాసన చూసి, ఎవరు చేశారో అడిగి, "నెల రోజులు. పెరక్కపోతే మళ్ళీ నా మాత్రలే" అంది.

రెండో వారానికి మా అత్త ఆకలంది. మూడో వారానికి మెట్ల దగ్గర ఒక్కసారే ఆగింది. నెల తిరిగేసరికి రక్తం ఎనిమిదిన్నర, ఆ తర్వాత తొమ్మిది పైన, దసరా దాటాక పది పాయింటు రెండు. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. మండూరం చేసిందా, నులిపురుగుల మందు చేసిందా, టీ మానడం, లాల్ భాజీ చేశాయా అని నేను అడిగితే, "అన్నీ చేసి ఉంటాయి. ఏదీ మానొద్దు" అని నవ్వింది. నాకూ అంతకన్నా తెలియదు. మందు పేరు గొప్పగా చెప్పి మిగతావి దాచే రకం చదువు కాదు నాది. ఆవిడ గోళ్ళు గులాబీరంగుకి తిరగడం మాత్రం ఈ కళ్ళతో చూశాను.

నవంబరు ఒకటి సాయంత్రం మైదానం కిటకిటలాడింది. పదహారు మందిలో నేనూ ఉన్నాను, సరిగ్గా మా అత్త వెనకాల. నా కళ్ళు కోలల మీద లేవు, ఆవిడ వీపు మీదే ఉన్నాయి, ఊపిరి ఎలా ఆడుతోందోనని. మొదటి పాట నెమ్మదిగా నడిచింది. రెండో పాటలో "కోపు మార్చండే!" అన్న కేక పడింది. పంజాబీల వరసలో ఎవరో ఈల వేశారు. మూడో పాటకి ఆవిడ వేగం పెంచింది. నా వెనక పిన్నత్తగారు రొప్పుతూ, "అక్కా, నెమ్మదే! మాకెవుళూ మండూరం ఎట్టలేదు!" అంది. వలయమంతా నవ్వింది, ఒక్క కోల కూడా తప్పలేదు. ఆవిడ వెనక్కి చూడకుండానే ఇంకాస్త వేగం పెంచింది.

అప్పుడు ఆవిడకి యాభై అయిదు. నా కంటికి ముసలావిడ. లెక్కచూసుకుంటే ఈ ఏడాదికి నేను ఆవిడ కన్నా రెండేళ్ళు పెద్దదాన్ని. అయినా ఆ వలయాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆవిడే ముందు నడుస్తోంది, అందుకోవడానికి నేనింకా అడుగులు వేస్తూనే ఉన్నాను.