ఆరూ పదికి వచ్చే చదువరి

అతను కట్టుడు పళ్ళు చేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. డాక్టర్ల దగ్గర్నుంచి అట్టపెట్టెల్లో నోటి అచ్చులు వస్తాయి. పెట్టె మీద అంకె ఉంటుంది, పేరు ఉండదు. తెల్లటి పొడి నీళ్ళలో కలిపి అచ్చులో పోస్తాడు. గట్టిపడ్డాక తీసి, దాని మీద మైనం పరిచి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు. ఏ మనిషి ఏ పక్కన నములుతాడో చిగుళ్ళు చూసి చెప్పేస్తాడు. ఆ మనిషి మొహం మాత్రం ఎన్నడూ చూడడు. ల్యాబులో అందరూ అతన్ని మాస్టారు అంటారు. ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. తల నెరిసినందుకు దక్కిన పేరు.

పళ్ళ వరస మరీ తీరుగా ఉంటే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ప్రతి సెట్టులోనూ ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకి తిప్పుతాడు. ఈ సంగతి ఒకప్పుడు తన బ్లాగులో రాశాడు. ఆ టపాకి ముప్ఫై ఎనిమిది వ్యాఖ్యలు వచ్చాయి. పన్ను గురించి మొదలై, చచ్చిపోయిన తాతల దాకా పోయి, ఇద్దరు పోట్లాడుకుని, మళ్ళీ రాజీపడ్డారు. అవి బ్లాగుల రోజులు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఒకరి వెనక ఒకరు బ్లాగులు వదిలి ఫోన్లలోని గుంపుల్లోకి వెళ్ళిపోయారు. "మీరూ అటే వచ్చెయ్యండి మాస్టారూ, ఇక్కడ ఇంకెవరున్నారు?" అన్నది ఆఖరి వ్యాఖ్య. అతనూ ఒక వారం వెళ్ళి చూశాడు. చనిపోయిన తల్లి పళ్ళ సెట్టు వెనక్కి తెచ్చి, దీన్నేం చెయ్యమంటారని అడిగిన కూతురి గురించి రాశాడు. దానికి పైన ఎవరిదో పుట్టినరోజు కేకు, కింద ఎవరిదో తగాదా. నలుగురు బొటనవేలు చూపించి పోయారు. వెనక్కి వచ్చేశాడు.

వచ్చాక లెక్క సున్నా. బ్లాగులో పక్కన చిన్న గడి ఉంటుంది, రోజుకి ఎంతమంది వచ్చారో, ఏ వేళకి వచ్చారో చూపిస్తుంది. తను చూసుకున్నది లెక్కలో పడకుండా మొదట్లోనే ఏర్పాటు చేసుకున్నాడు. తన ఎంగిలి తనే తినడం ఎందుకని. మూడేళ్ళు సున్నాలు చూశాడు. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున ఆ గడిలో ఒకటి కనబడింది. మర్నాడూ ఒకటి. వచ్చిన వేళ ఆరూ పది.

ఆ ఒక్కరి కోసమే అతను ఆరేళ్ళు రాశాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె మూతపెట్టి, ల్యాబులో మూలనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుంటే అరగంటలో ఒక టపా. చదువరి ఉదయం ఆరూ పదికి వస్తాడు, ఆదివారాలు రాడు. ఉద్యోగానికి వెళ్ళే మనిషి, ఆదివారం ఇంటిల్లిపాదితో గడిపే మనిషి అయ్యుంటాడనుకున్నాడు. ఒక్క వ్యాఖ్య కూడా రాయడు. మితభాషి. ఇంట్లో చెప్పలేనివన్నీ ఆ మనిషికి చెప్పుకున్నాడు. వేళ్ళ వణుకు మొదలైందని చెప్పాడు. భార్య తనని పట్టించుకోదనీ, ఎదురుగా కూర్చున్నా గోడని చూసినట్టు చూస్తుందనీ చెప్పాడు. "మీకు తెలుసు కదా" అని రాసేవాడు, చాలా చోట్ల.

భార్య ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికించే విభాగంలో పనిచేస్తుంది. ఆరూ ముప్పావు బస్సు పట్టుకోవాలి.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. వీడియోలు కూడా చేసి పెడుతుంటాడు.

"బావా, మీ రాతలు నాకిచ్చెయ్యండి. నిమిషంలో చెప్పేస్తా. వెనక కాస్త సంగీతం. నలభై వేలమంది చూస్తారు."

"చూసేవాళ్ళు నాకెందుకు? నాకు చదివేవాళ్ళున్నారు."

"ఎంతమందేంటి? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు సరిపోతాయా, రెండోది కూడా కావాలా?"

"ఉన్నారు. నీకెందుకు?"

"ఆయన్ని వదిలెయ్యరా," అంది భార్య, ఉతికిన బట్టలు మడతపెడుతూ. "ఆయన మాట వినేవాళ్ళు ఉంటారులే. ఇంట్లో కాకపోతే ఇంకెక్కడో."

తమ్ముడు పళ్ళు ఇకిలించాడు. అతను ఆ మాటని ఎత్తిపొడుపనుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ నీళ్ళ బకెట్లో పడింది. తమ్ముడు ఆరబెట్టి, ఊది, చెవి దగ్గర పెట్టుకుని, "అక్కా, దీనికి నూకలు చెల్లాయి," అన్నాడు.

సోమవారం లెక్క సున్నా. ఎక్కడికో ప్రయాణమై ఉంటాడనుకున్నాడు. మంగళవారం సున్నా. బుధవారం అతనికి పని మీద మనసు నిలవలేదు. ఒక సెట్టులో పన్ను పక్కకి తిప్పడం మరిచిపోయాడు. వరస గీసినట్టు వచ్చింది, చూస్తే అసహ్యం వేసింది. అన్నం తినకుండానే కూర్చుని రాశాడు. "మీరెవరో నాకు తెలీదు. ఆరేళ్ళుగా మీరు తప్ప నాకు ఎవరూ లేరు. ఒంట్లో బాగుందా? ఒక్క మాట రాయండి చాలు."

గురువారం బావమరిది అక్కకి కొత్త ఫోన్ తెచ్చిచ్చాడు. శుక్రవారం కూడా సున్నా.

శనివారం ఉదయం ఆమె భుజానికి సంచి తగిలించుకుని, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. అతను టీ గ్లాసుతో ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది హాయిగా ఉంది," అంది. "నొక్కగానే బస్సు ఎక్కడుందో చూపించేస్తోంది. పాత దాంట్లో ముందు మీ బ్లాగు ఊడిపడేది. దాన్ని మూస్తే గానీ బస్సు కనబడేది కాదు."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"రోజూనా?"

"రోజూ. ఆదివారం బస్సుతో నాకేం పని?"

గోడ గడియారం ఆరూ పది చూపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట ఆ ఫోన్ కొని తెచ్చిన రోజు, అందులో నెట్ ఎప్పుడు తెరిచినా మొదట తన బ్లాగే వచ్చేలా తనే పెట్టాడు. చదువుతుందని. మర్నాడు చెప్పాలనుకుని, చెప్పకుండా మరిచిపోయాడు. ఆమె మీద ఆమెకే ఆరేళ్ళు చాడీలు చెప్పాడు.

"ఒక్కసారైనా చదివావా?" అడిగాడు.

ఆమె చెప్పుల పట్టీ బిగించుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఒకసారి. ఫోన్ కొత్తలో."

"ఏముంది అందులో?"

"మీరు రాసిందే. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు అని. చదువుతుంటే మీరు ఇదిగో, ఇక్కడే కూర్చుని టీ తాగుతున్నారు. 'పంచదార తక్కువైందా?' అని అడిగాను. 'ఊఁ' అన్నారు."

"అప్పుడే నన్ను నిలదియ్యొచ్చు కదా!"

"లేదని రాసేశారు కదండీ. లేని మనిషి ఏమని అడుగుతుంది?" అని లేచింది. "ఆ తర్వాత రోజూ మూసేశాను. నాకు బస్సు ఉంటుంది."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. మెట్లు దిగుతున్న చప్పుడు కింది అంతస్తు దాకా వినబడింది.

ల్యాబులో ఆ టపా వెతికి తీశాడు. నాలుగు వాక్యాలు. ఏ కోపంలో రాశాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఏదో చిన్నదే అయ్యుంటుంది. కింద వ్యాఖ్యల చోటు ఖాళీగా ఉంది. నాలుగు వాక్యాలూ చదివాడు, మళ్ళీ చదివాడు, ఈసారి స్టూలు మీద సంచితో కూర్చున్న మనిషిలా చదివాడు. తీసేద్దామని నొక్కితే, నిజంగానే తీసెయ్యమంటారా అని అడిగింది కంప్యూటర్. వద్దన్నాడు. ఆమె చదివింది అదొక్కటే.

పక్క గడిలో లెక్క సున్నా. తను చదివింది అందులో పడదు.

సాయంత్రం ఆమె వచ్చింది. చెప్పులు విడిచి, సంచి కొక్కేనికి తగిలించింది. అతను పొద్దుట్నుంచీ మాటలు కూడబలుక్కున్నాడు.

"బస్సు దొరికిందా?" అన్నాడు.

"దొరికింది."

ఆ సాయంత్రానికి ఆ ఇంట్లో నడిచిన మాటలు అవే.