వెంకటేశు ఒప్పుకున్నాడని చెప్పాను

ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెప్పగలుగుతున్నది మీరు నన్ను ఎరగరు కాబట్టే.

ఎనభైల చివర్లో వనపర్తిలో చదివేవాణ్ని. భయంతో, బెంగతో లోలోపల కుమిలిపోయే పిల్లల మాట వినడానికి హాస్టల్లో మేం నలుగురు సీనియర్లం జట్టుకట్టాం. సాయంత్రాలు మెస్సు వెనక అరుగు మీద కూర్చునేవాళ్లం. విన్నది బయటికి పోకూడదన్నది ఒకటే నియమం. పెట్టింది నేనే.

ఒకరోజు వెంకటేశు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గద్వాల నేతవాళ్ల అబ్బాయి, మొదటి సంవత్సరం.

"అన్నా, నిద్ర పడ్తలేదు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కుతలేదు. మొన్న సెలవులకు పోయినప్పుడు మగ్గం గుంతల కూసోని ఏడ్చిన. బతకబుద్ధి అయితలేదన్నా. మా నాయినకు తెలిస్తే పరేషాన్ అయితడు. ఎవ్వరికి చెప్పకు."

"చెప్పను రా. నా మీద నమ్మకం లేదా?" అన్నాను.

వారం తిరక్కుండానే, హాస్టల్‌కు వారానికోసారి డాక్టరును పంపాలని ధర్నా చేశాం. వార్డెన్ కదల్లేదు. మైకు నా చేతిలో ఉంది. మగ్గం గుంతలో కూర్చుని ఏడ్చిన కుర్రాడి గురించి చెప్పేశాను, బతకబుద్ధి కావడం లేదన్న మాటతో సహా. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను. హాస్టల్ మొత్తంలో ఇంట్లో మగ్గమున్నవాడు వెంకటేశు ఒక్కడే. తలలన్నీ వాడివైపు తిరిగాయి. చూశాను. చూసి కూడా ఆపలేదు, అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

మర్నాడే వెంకటేశు ట్రంకుపెట్టె పట్టుకుని గద్వాల బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. డాక్టరు మాత్రం వచ్చాడు. వెంకటేశును అడిగే మాట్లాడావా అని జట్టులోవాళ్లు నిలదీస్తే, వాడే చెప్పమన్నాడన్నాను. నమ్మారు.

నేను మాట్లాడింది డాక్టరు కోసమేనా? ఎందరికో మేలు జరిగిందని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కానీ, ఆ పూట అంతమంది నావైపు చూడటం నాకు నచ్చిందనీ, వాడి ఏడుపు నాకు పనికొచ్చిందనీ నాకు మొదటినుంచీ తెలుసు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వాడు బతికే ఉన్నాడు, గద్వాలలోనే నేస్తున్నాడని విన్నాను. ఒకసారి వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లి తిరిగి వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని పోను?

పోయిన నెల పాత విద్యార్థులమంతా కలిశాం. అప్పట్లో హాస్టల్‌కు డాక్టరును తెప్పించినందుకు నాకు శాలువా కప్పారు. తన బాధ అందరిముందూ చెప్పనిచ్చిన వెంకటేశు ధైర్యం గొప్పదని ఒక మిత్రుడు వేదిక మీద మెచ్చుకున్నాడు. నేను శాలువా సర్దుకుని కూర్చున్నాను.

వాడు ఒప్పుకోలేదు. నేను అసలు అడగనే లేదు. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.