ఆగి కొట్టే ఆట, ఆగని తమ్ముడు

ఆ రోజుల్లో అసూయ అనే మాటకు ఎన్ని పర్యాయపదాలున్నాయో అన్నీ నాకు నోటికి వచ్చు. ఈర్ష్య, మత్సరం, ఓర్వలేనితనం, కడుపుమంట, కుళ్లు. హనుమకొండ లైబ్రరీలో, ఫ్యాను గాలి తగిలే బల్ల దగ్గర కూర్చుని నిఘంటువులోంచి ఒక్కొక్కటే ఏరుకున్న మాటలవి. అన్ని పేర్లు తెలిసీ, ఆ జబ్బు నా ఒంట్లోనే కాపురం పెట్టినప్పుడు మాత్రం గుర్తుపట్టలేకపోయాను. అది నాకు న్యాయంగా తోచింది, సిద్ధాంతంగా తోచింది, ఇంకా చెప్పాలంటే వీడియో గేముల భవిష్యత్తు గురించిన ఆవేదనగా తోచింది. (నవ్వకండి. ఆ వయసులో ఆవేదన పడటానికి నాకు వేరే భవిష్యత్తులేవీ దొరకలేదు.)

ఇంటర్ అయ్యాక నేను కాలేజీకి పోలేదు. మట్టెవాడలో మా మేనమామకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పగలంతా అందులో బిందెలు, టిఫిన్ డబ్బాలు అందించడం నా పని. సాయంత్రం ఆటో ఎక్కి హనుమకొండ పోయి లైబ్రరీలో నా చదువు నేను చదువుకునేవాణ్ణి. సిలబస్ లేని చదువు. ఒకరోజు గ్రహాలు, ఒకరోజు కోళ్ల పెంపకం, ఇంకోరోజు రోమ్ చక్రవర్తులు. ఇంగ్లీషు కూడా అక్కడే, ముందు పేపరు, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. (ఇంగ్లీషులో రాసినా పలకకూడని అక్షరాలు ఉంటాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నా చుట్టూ ఉన్నవాళ్లంతా నాలాగే పలకడం నేర్చేసుకున్నారు.) లైబ్రరీ నుంచి తిన్నగా గేమ్ పార్లర్‌కు వెళ్లేవాణ్ణి. దాని ఓనర్‌ను అందరం పార్లరన్న అనేవాళ్లం. ఒక జిరాక్స్ షాపు పక్కన ఒకటే గది, ఒకటే పెద్ద టీవీ, దాని ముందు పొడవాటి బెంచీ. టీవీకి ఆనుకుని ఒక కుర్చీ. ఆ కుర్చీ నాది.

అది నాదెలా అయిందో చెప్పాలి. ఆ పార్లర్‌లో అందరికీ ప్రాణమైనది ఒక కథ ఆట. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. రాజ్యం పోగొట్టుకున్న యువరాజు, వెంట ముగ్గురు స్నేహితులు, దారి పొడుగునా రాక్షసులు. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలుగా తెరమీదికి వచ్చేవి, బటన్ నొక్కేదాకా అక్కడే నిలిచి ఉండేవి. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. యుద్ధం కూడా అంతే మర్యాదగా సాగేది. మనవాడు ఒక దెబ్బ కొట్టి వెనక్కి వచ్చి నిలబడతాడు, తర్వాత రాక్షసుడి వంతు. మళ్లీ మన వంతు వచ్చినప్పుడు కత్తా, మంత్రమా, మందా అని తెర అడుగుతుంది. మనం జవాబు చెప్పేదాకా రాక్షసుడు అలా భుజాలు ఊపుకుంటూ నిలబడే ఉంటాడు. చాయ్ తాగి వచ్చినా ఏమీ అనడు. దీన్ని టర్న్ బేస్డ్ అంటారని, మన పచ్చీసు, పులిమేక, చదరంగం అన్నీ ఇదే వంశమని ఆ బెంచీకి చెప్పింది నేనే. కంట్రోలర్ ఒకరి చేతిలో ఉన్నా ఆడేది బెంచీ మొత్తం. పక్క షాపు జిరాక్స్ మామ అయితే ప్రతి వంతుకూ "ముందుగాల మందు తాపుండ్రి" అనేవాడు. ఆయనకు షుగరూ గ్యాసూ మోకాళ్ల నొప్పులూ ఉండేవి, అందుకని యువరాజు వేలు గీరుకుపోయినా ఊరుకునేవాడు కాదు. అందరూ వాదించుకుని చివరికి నా మొహం చూసేవారు. నేను కళ్లు మూసుకుని, కాసేపు ఆగి (గౌరవమంతా ఆ ఆగడంలోనే ఉంది) తీర్పు చెప్పేవాణ్ణి.

అట్లాంటి సమయంలో మా చిన్నమ్మ కొడుకు డిగ్రీ చదవడానికి మరిపెడ నుంచి మా ఇంటికి వచ్చాడు. అక్కడ రోడ్డు పక్కన వాళ్లకు మిర్చి బజ్జీల బండి ఉంది. చిన్నప్పటి నుంచి కాగే నూనెలో బజ్జీలు వేయడం, తిప్పడం, తీయడం చేసిన చేతులు వాడివి. వాడు వచ్చిన వారానికే మా ఇంట్లో పెరుగు మీది మీగడ దారి మార్చుకుంది. మా అమ్మ వాడికే వేసేది. ఎందుకంటే వాడు పిలిస్తే పలికేవాడట, నేను పుస్తకం పట్టుకుంటే ఇల్లు కాలినా లేవనట. ఈ రెండో మాటలో కొంత నిజం ఉంది కాబట్టి నేను జవాబు చెప్పలేదు. దానికి బదులు వాణ్ణి పార్లర్‌కు తీసుకుపోయాను. నా కుర్చీ చూపించుకోవాలి కదా.

ఆ వారమే మా కథ ఆటకు కొత్త భాగం వచ్చింది. హైదరాబాద్ డీలరు దగ్గర్నుంచి పార్లరన్న తెచ్చాడు. నచ్చకపోతే సోమవారంలోగా తిరిగిచ్చి వేరే ఆట తెచ్చుకోవచ్చన్నది షరతు. ఈ భాగం గురించి నేను నెలల తరబడి బెంచీని ఊరిస్తూ ఉన్నాను. అందరూ సర్దుకుని కూర్చున్నారు. యువరాజు అడవిలోకి వచ్చాడు. ఎదురుగా ఒక రాక్షసుడు. నేను గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన ముందు మూడు మార్గాలున్నయి" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోగా యువరాజు నేలమీద బోర్లా పడి ఉన్నాడు. రాక్షసుడు ఆగలేదు. వంతు లేదు, వరస లేదు. ఆటను తయారు చేసినవాళ్లు ఈసారి దాన్ని యాక్షన్‌గా మార్చేశారు. బటన్ నొక్కినవాడు నొక్కినట్టే కొట్టాలి, తప్పుకోవాలి, దొర్లాలి. బెంచీ మీద ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించి ఒకరి తర్వాత ఒకరు చచ్చారు. అప్పుడు మా తమ్ముడు, "అన్నా, నేనొక్కసారి చూడనా?" అని నా అనుమతి అడిగాడు. నేను పెద్ద మనసుతో తల ఊపాను.

వాడి బొటనవేళ్లు కనబడలేదు. అంతే చెప్పగలను. యువరాజు గాలిలో గిరగిరా తిరిగాడు, రాక్షసుడి చంకలోంచి దూరి వీపెక్కాడు. బెంచీ మీద నా మొహం ఎవరూ చూడలేదు. తెరమీద ఇంగ్లీషు వచ్చి పోతోంది, చదవమని అడిగిన నాథుడు లేడు. "ఏం కొడ్తాండురా పోరడు" అన్నాడు జిరాక్స్ మామ. మందు మాట ఎత్తనైనా లేదు. నా కడుపులో ఆవాలు చిటపటలాడాయి.

మరునాడు లైబ్రరీలో నేను జీవశాస్త్రం బీరువా మీద పడ్డాను. వెతికితే దొరకనిదేముంది? వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కోవడం మెదడు పని కాదని, ఆ కబురు వెన్నుపాము దాకా వెళ్లి అక్కడినుంచే తిరిగి వస్తుందని ఒక పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. సాయంత్రం బెంచీ నిండుగా ఉన్న సమయం చూసి ఆ విషయం విడమరిచి చెప్పి, "కాబట్టి వీనిది బుర్ర ఆట కాదు, వెన్నుపాము ఆట" అని తేల్చాను. కప్పకూ ఆ శక్తి ఉంటుందని కూడా కలిపాను. తమ్ముడు ఆట ఆపి నావైపు ఎంతో భక్తిగా చూశాడు.

"అవునా అన్నా? గందుకేనా నాకు రెండు దినాలసంది మెడ నొస్తాంది?"

జిరాక్స్ మామ వెంటనే జేబులోంచి నొప్పుల మందు తీసి వాడి మెడకు రాయడం మొదలుపెట్టాడు. పార్లరన్న మెడ వెనక ఆనుకోమని మెత్త తెప్పించాడు. నా సైన్సు వల్ల వాడికి అంతకుముందు లేని సానుభూతి కూడా చేరింది.

ఇక లాభం లేదని నేను పార్లరన్నను పక్కకు పిలిచి, ఆ కొత్త డిస్క్ వాపస్ ఇచ్చి పాత పద్ధతి ఆట ఏదైనా తెమ్మన్నాను. ఆలోచనకు చోటు లేని ఆట మనుషుల్ని పాడుచేస్తుందన్నాను. ఆయన నిదానంగా విన్నాడు. "నాకేదైనా ఒక్కటేరా. బెంచి నిండాలె. ఐతారం నువ్వో గంట పాతది ఆడిపియ్యి, మీ తమ్ముడో గంట కొత్తది ఆడ్తడు. ఏది మందికి మంచిగనిపిస్తే గదే ఉంటది" అన్నాడు. నా కళ్లలోకి చూడకుండా ఇంకో మాట చెప్పాడు. "కొత్తదే ఉంటే గా కుర్చీ తీసేస్త మరి. కొట్టేటోనికి చేతులాడ జాగ కావాలె."

ఆదివారం నా గంట ముందు వచ్చింది. పాత భాగంలో అన్నిటికన్నా గడ్డు పోరాటం, కొండంత రాతి రాక్షసుడితో, ఎంచుకున్నాను. నా ఉద్దేశం ఆలోచన అంటే ఏమిటో జనానికి రుచి చూపించడం. రుచి బాగానే చూపించాను. మొదటి వంతులోనే జిరాక్స్ మామ మందు అన్నాడు, మిగతావాళ్లు కత్తి అన్నారు. నేను రెండు పక్షాల్లోని మంచిని విశ్లేషించాను. మామకు కోపం వచ్చి, తనకు పోయిన ఏడాది జ్వరాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమైందో మొదటి నుంచి చెప్పాడు. ఇంకెవరో మంత్రం సంగతి ఎత్తారు. గంట ఎప్పుడు గడిచిందో తెలియలేదు. రాతి రాక్షసుడికి ఇంకా ముప్పావు ప్రాణం అట్లాగే ఉంది. పాపం వాడు భుజాలు ఊపుతూనే ఉన్నాడు. అయినా బెంచీ మీదినుంచి ఒక్కరూ లేవలేదు, అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. గెలిచేశాననే అనుకున్నాను.

తమ్ముడి గంట మొదలయ్యాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది. వాడికి ఎదురైంది రెక్కల రాక్షసి. వాడు ఎంత వేగంగా కొట్టినా దానికి దెబ్బ దిగడం లేదు. చచ్చాడు. మళ్లీ లేచాడు, మళ్లీ చచ్చాడు. బెంచీ మీద ఆవులింతలు మొదలయ్యాయి. జిరాక్స్ మామ తన షాపు వైపు రెండుసార్లు తొంగి చూశాడు. వాడు చచ్చిన ప్రతిసారీ నా ఒంటికి చల్లగాలి తగిలినట్టుండేది. (ఇంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.) పోరాటం మధ్యలో తెర అడుగున ఒక ఇంగ్లీషు వాక్యం తళుక్కుమని వచ్చి పోవడం నేను గమనించాను. చదివాను కూడా. దాని ఎడమ రెక్క పైకి లేచినప్పుడు మాత్రమే రొమ్ము దగ్గర దెబ్బ దిగుతుంది అని ఉంది. నేను పెదవులు బిగించి గోడమీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. ఇంకో పావుగంట అలా కూర్చోగలిగితే కుర్చీ నాదే.

కూర్చోగలిగేవాణ్ణే. కానీ బెంచీ చివర బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే బావ ఒకడు ఉండేవాడు. నోరు విప్పడు, మూలకు కూర్చుని చూసి పోతాడు. మేం ఆయనను కోచింగ్ బావ అనేవాళ్లం. ఆ వాక్యం మళ్లీ తళుక్కుమనగానే ఆయన, "ఎడమదిక్కు ఉరుకుమంటాంది తమ్మీ" అన్నాడు.

తమ్ముడు ఎడమవైపు ఉరికి, అక్కడే చచ్చాడు. వాడు చచ్చినందుకు నాకు ఏమీ అనిపించలేదు. కానీ అందరూ కోచింగ్ బావ వైపు తిరిగి, "ఇంకేమంటాంది బావా?" అని అడిగారు. నన్ను కాదు, ఆయనను. నెలల తరబడి నేను చదివితే విన్నవాళ్లు, ఉన్న వాక్యాన్ని లేనట్టుగా, లేని వాక్యాన్ని ఉన్నట్టుగా చెప్పినవాడి మొహం చూస్తున్నారు. తమ్ముడి మీద అంతవరకు మండిన మంట ఒక్క క్షణంలో వేరే కొంపకు అంటుకుంది. నాకు తెలియకుండానే కుర్చీ మీదినుంచి లేచి నిలబడ్డాను.

"తప్పు! ఉరుకుడు లేదు, ఏం లేదు. అది ఎడమ రెక్క లేపినప్పుడు రొమ్ము మీద కొట్టాలె."

తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. "చెప్పు అన్నా, లేపంగనే చెప్పు" అన్నాడు. రెక్క లేచింది. నేను "ఇప్పుడు" అన్నాను. నా మాటకూ వాడి దెబ్బకూ మధ్య సందు లేదు. మళ్లీ లేచింది, మళ్లీ అన్నాను. ఐదారుసార్లకు రెక్కల రాక్షసి కూలిపోయింది. బెంచీ మొత్తం లేచి నిలబడింది, జిరాక్స్ మామ మోకాళ్ల సంగతి మర్చిపోయి ఎగిరాడు. నేను కూడా ఎగిరాను. ఎగిరి కిందికి దిగేలోపల, ఏం చేశానో అర్థమైంది.

డిస్క్ ఉండిపోయింది. కుర్చీ జిరాక్స్ షాపుకు పోయింది. తమ్ముడు బెంచీ మీద తన పక్కన చోటు చేసి, "నువ్వు సదువు అన్నా, నేను కొడ్త" అన్నాడు. అది వాడు మనస్ఫూర్తిగా అన్న మాట, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. దుకాణంలో పెళ్లిళ్ల గిరాకీ ఎక్కువగా ఉందని చెప్పి నేను పార్లర్‌కు పోవడం మానేశాను. లైబ్రరీలో కూడా ఆ రోజుల్లో అక్షరాలు కళ్లముందు ఊరికే కదిలేవి. ఇంట్లో తమ్ముడు ఆట కబుర్లు చెప్పబోతే నిద్ర వస్తోందనేవాణ్ణి. కొన్ని వారాలకు జిరాక్స్ మామ మట్టెవాడలో మా దుకాణానికి వచ్చి, ఒక గ్లాసు తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. గ్లాసు కోసం ఎవరూ హనుమకొండ నుంచి రారు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆట అయిపోయిందిరా. మీ తమ్ముడు మొత్తం గెలిచిండు. గాని ఆఖర్ల మన యువరాజు ఎందుకు సచ్చిండో మాకెవ్వలికి సమజ్ కాలే. నీకేమన్న ఎరికేనా?"

నాకూ తెలియదు, నేను చూడలేదు కదా. ఆ సాయంత్రం లైబ్రరీకి కూడా పోకుండా పార్లర్‌కు పోయాను. తమ్ముడు ఆటను మొదటి నుంచి పెట్టాడు.

ఇప్పుడు మా దుకాణం నేనే చూసుకుంటున్నాను. తమ్ముడు హనుమకొండలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాడు, సెలవురోజు మా ఇంటికి వస్తాడు. ఇప్పటి ఆటల్లో రెండు పద్ధతులూ కలిసిపోయాయి. కొట్టేవాడు కొట్టవచ్చు, ఆలోచించేవాడు ఒక బటన్ నొక్కి కాలాన్నే ఆపేయవచ్చు. నేను ఆడుతుంటే వాడే ఆ ఏర్పాటు చేసి పెడతాడు. మొన్న ఒక రాక్షసుడి ముందు కాలం ఆపి, కత్తా మంత్రమా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. పడుతూ పడుతూ పక్కకు చూస్తే వాడు గడియారం చూడటం లేదు, ఫోను తీయడం లేదు, సలహా కూడా ఇవ్వడం లేదు. నువ్వు ఎప్పుడు కొడితే అప్పుడే కొట్టు, నాకేం తొందర అన్నట్టు ప్రశాంతంగా కూర్చుని తెరనే చూస్తున్నాడు. వేగం వాడిది, ఓపిక నాది అని ఇన్నేళ్లూ లోపల పంచుకుని సరిపెట్టుకున్నాను. ఆ ఓపిక కూడా వాడి దగ్గరే ఎక్కువుందని అప్పుడు తెలిసింది. కడుపులో ఆ పాత చిటపట మళ్లీ వినబడింది. ఈసారి దానికి పేరు వెతుక్కోలేదు. నవ్వు వచ్చింది. నాకెందుకు నవ్వు వచ్చిందో వాడు అడిగాడు. ఏం లేదురా, నీ పెద్దమ్మ నీకు మీగడ వేస్తానంటోంది, పో అన్నాను.