దొరసాని చెప్పమన్న మాట

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో నాకు దొరికిన మొదటి పని, ఒకరి మాటలు ఇంకొకరికి చెప్పడం. మాది బుక్కరాయసముద్రం. రోడ్డు పక్కన నాయనకు సైకిల్ షాపు ఉండేది. అనంతపురంలో నేను చదివిన కాలేజీకి ఒక సేవాసంస్థ వాళ్ళు వచ్చి, ఇంగ్లీషు తెలిసిన ఆడపిల్ల ఎవరైనా ఉన్నారా అని అడిగితే మా లెక్చరరు నా పేరు చెప్పారు. ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ వస్తోందట. ఆ సంస్థకు విరాళాలిచ్చే వాళ్ళ తరఫున కరువు పల్లెలు తిరిగి, ఆడవాళ్ళతో మాట్లాడి వెళ్తుందట. నేను ఆమె పక్కనుండి ఆమె ఇంగ్లీషును తెలుగులోకి, మన వాళ్ళ తెలుగును ఇంగ్లీషులోకి చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటాక వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. వేరుశనగ విత్తినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. మేత లేక పశువులు ఎముకలు తేలి తిరుగుతున్నాయి.

వచ్చినావిడ రిటైరైన టీచరు. ముతక నూలు చుడీదార్ వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, ఎండను లెక్కచేయకుండా తిరిగేది. నేను మేడం అనేదాన్ని. పల్లెల్లో వాళ్ళు దొరసానమ్మ అనేవాళ్ళు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత చెప్పబోయేది వింటే ఆమెను వేరేగా అనుకునే ప్రమాదముంది.

నాకు తెలిసిన సింపతీ అన్న మాట రెండు మూడు రకాలది. ఎలక్షన్లలో సింపతీ ఓట్లుండేవి. పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి సింపతీ మీద పాసయినాడని వెక్కిరించేవాళ్ళం. క్లాసులో ఎవరైనా లేని జ్వరం తెచ్చుకుని కూర్చుంటే సింపతీ కొట్టేస్తాండాడు అనేవాళ్ళం. అంటే మా దగ్గర అది ఎవరో ఒకరు తెలివిగా రాబట్టుకునే వస్తువు. మేడం నోట్లో ఆ మాట ఇంకోలా ఉండేది. ఒకరోజు మా జీపు డ్రైవరన్న రాత్రి తాగి వచ్చి పొద్దున తల పట్టుకుని కూర్చుంటే, ఆమె నవ్వుతూ, "ఐ హావ్ నో సింపతీ ఫర్ యూ" అంది.

"నీమీద సింపతీ లేదంటాంది అన్నా" అన్నాను.

"సింపతీ యాడికి? తలనొప్పి మాత్ర ఉంటే ఇయ్యమను" అన్నాడు. ఆమె సంచిలోంచి మాత్ర తీసి ఇచ్చింది.

ఇంకో రోజు కొత్త చెప్పులు కరిచి మడమ బొబ్బెక్కితే నాకు చూపించి, "కాస్త సింపతీ చూపించు" అంది. ఏం చేయాలో తెలియక కాలు పట్టుకోబోయాను. ఆమె పకపకా నవ్వి, ఊరికే అయ్యో అంటే చాలంది. మరోసారి వాళ్ళ ఊర్లో తెలిసిన ముసలాయన పోయాడని ఫోనొస్తే, సింపతీ కార్డు పంపాలని తొందరపడింది. అట్లాంటి కార్డులు అచ్చేసి అమ్ముతారట. చావుకు కార్డు పంపడమేమిటో నాకర్థం కాలేదు. మా వైపు చావొచ్చినా, నష్టమొచ్చినా మనిషి ఆ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి కూర్చోవాలి. దాన్ని పలకరించడం అంటాం. అట్లా వెళ్ళినవాళ్ళు పెద్దగా మాట్లాడేదేమీ ఉండదు. గోడకానుకుని కూర్చుని, వాళ్ళేమైనా చెప్తే విని, లేచి వస్తారు. దీన్ని మేడంకు వివరించబోయి, మధ్యలో ఇంగ్లీషు చాలక వదిలేశాను.

తనకల్లు అవతల ఒక పల్లె చూసుకుని తిరిగొస్తున్నప్పుడు జీపు టైరు పంక్చరయింది. ఆగినచోట కొన్ని ఇళ్ళున్నాయి. అది మా సంస్థ పనిచేసే, లారీలతో మేత పంచే ఊరు కాదు. డ్రైవరన్న చక్రం విప్పుతుండగా ఒక ఇంట్లోంచి నలభై ఏళ్ళావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మేము తాగేదాకా ఆగి, నావైపు తిరిగింది.

"పాపా, మీ లారీ పైపల్లెకు గడ్డి తెచ్చి దించుతాండాది గదా. మాకెందుకు దించలేదు?"

నేను మేడంకు చెప్పాను. ఆవిడ ఇంకేమీ మాట్లాడకుండా, రమ్మని చెయ్యి చూపి కొట్టంలోకి తీసుకుపోయింది. రెండు ఎద్దులు. ఒకటి నిలబడి మేత లేని ఉత్త గాడిని నాకుతోంది. రెండోది పడుకుని ఉంది. దాని కడుపు కింద ఒక కర్ర పెట్టి ఉంది.

"పొద్దున ఆ కర్ర ఏసి నేనూ, పక్కింటామె లేపినాం. మళ్ళ పడిపోయింది. మా ఆయప్ప గడ్డికని కర్ణాటక దిక్కు పోయినాడు, ఇంగా రాలేదు. దుడ్లు వద్దు పాపా. దుడ్లు పెడితే మటుకు గడ్డి యాడ దొరకతాది? ఒక్క మోపు మా ఊరికీ ఏసి పొమ్మను. అంతే."

నేను చెప్తుంటే మేడం కిందికి వంగి, పడుకున్న ఎద్దు నొసలు నిమిరింది. లేచేసరికి ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "ప్లీజ్ టెల్ హర్, ఐ హావ్ ఎవ్రీ సింపతీ" అంది. ఒక్క క్షణం ఆగి, "బట్" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. మేత ఏయే పల్లెలకో ముందే నిర్ణయమైపోయిందట. విరాళాలిచ్చిన వాళ్ళు ఆ పల్లెల కోసమే ఇచ్చారట. ఒక్క ఊరికి దారి మళ్ళిస్తే చుట్టుపక్కల వాళ్ళందరికీ లేదనడం న్యాయం కాదట. అంతా నిజమే. ఒక్క ముక్కా అబద్ధం కాదు.

"ఆయమ్మకు మీమీద శానా సానుభూతి ఉండాదంట అక్కా" అని మొదలుపెట్టాను.

"అంటే?"

"అంటే... జాలి పడతాంది."

ఆవిడ ముఖం మారిపోయింది. "జాలి ఎవరు పడమన్నారు పాపా? అడుక్కునేకి వచ్చినానా నేను? గడ్డి అడిగినా."

"అట్ల కాదక్కా. నీ కష్టం తన కష్టం అనుకుంటాంది."

"అనుకుంటే మంచిదే. అయితే లారీ ఎప్పుడొస్తాది?"

సంస్థ నిబంధన, విరాళాలు, న్యాయం, అన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఆ కొట్టంలో నిలబడి అవేవీ తెలుగులో చెప్పలేకపోయాను. చెప్పినా ఆవిడ వినదలచిన మాట చివరిదొక్కటే.

"రాదక్కా" అన్నాను.

ఆవిడ మేడంను చూసింది. నన్ను చూసింది. "ఆయమ్మ అంతసేపు మాట్లాడింది. కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నాది. నువ్వేమో ఒక్క ముక్క చెప్తివి. మధ్యలో ఉండేదంతా నువ్వే మింగేస్తివా?"

ఏమంటోందని మేడం అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. "నేనెంత బాధపడుతున్నానో ఆమెకు సరిగ్గా చెప్పావా?" అంది మేడం. చెప్పానన్నాను. "మరి ఎందుకు కోపం?" అంది. ఇద్దరికీ నామీదే అనుమానం. టైరు మార్చడం అయిపోయి డ్రైవరన్న హారన్ కొట్టాడు.

రెండు రోజుల తర్వాత ఆ ఎద్దులావిడ బస్సెక్కి అనంతపురంలో మా ఆఫీసుకు వచ్చింది. కొళాయి పక్కన నీడలో కూర్చుంది. నన్ను చూడగానే లేచి, "పాపా, మొన్న కోపంగా మాట్లాడినా, మనసులో పెట్టుకోవద్దు. మీ పెద్దాయనకు ఇంగ్లీషులో బాగా చెప్పు. నేను చెప్తే ఇనడు" అంది. మా మేనేజరు మా జిల్లావాడే. వాళ్ళదీ మెట్ట వ్యవసాయమే. నేను లోపలికి పోయి తెలుగులోనే చెప్పాను. ఆయన అంతా విని, నిట్టూర్చి, ఇంగ్లీషులోకి మారిపోయాడు. "ఐ ఫుల్లీ సింపథైజ్, బట్ మై హాండ్స్ ఆర్ టైడ్" అన్నాడు. అంతవరకూ నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడే మనిషి. ఆ మాట తెలుగులో అనడం ఆయనకూ చేతకాలేదేమో.

మేడం మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆరోజు సాయంత్రం వాళ్ళ దేశానికి ఫోన్ చేసి చాలాసేపు వాదించింది. బయట బెంచీ మీద కూర్చున్న నాకు ఆమె గొంతు పెరగడం, తగ్గడం వినిపించింది. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి నా పక్కన కూర్చుంది. "వాళ్ళూ ఎంతో సింపథెటిక్‌గా విన్నారు" అంది. ఇక అడగలేదు నేను. ఎద్దులావిడ కొళాయి దగ్గర్నుంచి లేచి ఆఖరి బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గేటు దగ్గర నిలబడి నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఇంటికి పోయి నాయన్ను అడిగాను, ఆ మాటను మన భాషలో ఎట్ల చెప్పాలని. ఆయన ట్యూబుకు ప్యాచ్ వేస్తున్నాడు.

"అయ్యో అంటే సరిపోతుంది గదా."

"అయ్యో అన్నాక 'కానీ' అని చెప్పాల నాయనా. ఆయమ్మ అట్లనే చెప్తాది."

నాయన ప్యాచ్ మీద బొటనవేలు అదిమాడు. "అయ్యో అన్నాక మనం కానీ అనం గదమ్మా. అనాల్సి వస్తే అయ్యో అననే అనం" అన్నాడు. మళ్ళీ ఆయనే, "నాకేం తెలుసులే. నేనేమన్నా ఇంగ్లీషు సదివినానా? మీ సారును అడుగు" అని ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచాడు.

వారం గడవకముందే డ్రైవరన్న వార్త తెచ్చాడు. పడుకున్న ఎద్దు పోయిందట. మొగుడు ఒట్టి చేతులతో తిరిగొచ్చి, ఒంటెద్దుతో సేద్యం కాదని, మిగిలినదాన్ని సంతకు తోలేశాడట. అట్లాంటి కరువులో బక్క ఎద్దును కొనేది ఎందుకో అందరికీ తెలుసు. మేడం ఇంకో రెండు రోజుల్లో వెళ్ళిపోవాలి. విన్న వెంటనే ఆ ఇంటికి పోదామంది.

మేము పోయేసరికి ముంగిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చావింటికి వచ్చినట్టే వచ్చారు. ఒకామె, "కొడుకుల మాదిరి సాకుకుంటివి" అంటోంది. మొగుడు గోడ వైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. మేడం చెప్పులు విడిచి వాళ్ళ మధ్యలో నేలమీద కూర్చుంది.  ఎద్దులావిడ చేయి తన చేతిలోకి తీసుకుని, నాతో మెల్లగా, "ఆమెకు నా డీపెస్ట్ సింపతీ చెప్పు" అంది. ఈసారి వెనక ఇంకేమీ లేదు.

"పలకరిచ్చేకి వచ్చింది అక్కా" అన్నాను.

ఆవిడ తలూపింది. పక్కనున్నామె జరిగి మేడంకు చాప ఇచ్చింది. ఎవరో ఎద్దుల గురించి చెప్పసాగారు. దూడలప్పుడు ఎట్లుండేవి, ఏ తిరునాళ్ళలో కొన్నారు, ఎడమ పక్కది నీళ్ళు తాగేకి ఎంత పేచీ పెట్టేది. నేను ఇంగ్లీషులో చెప్తూ పోయాను. మేడం ఊ కొడుతూ వింది. మాట్లాడడం సులువనిపించింది నాకు, ఆ ఒక్క అరగంట.

అప్పుడు ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "పాపా, ఎనుము ఒకటి ఉండాది ఇంగా. దాన్నన్నా కాపాడుకుంటాం. ఆయమ్మ ఇప్పుడు కండ్లారా చూసింది గదా. దానికన్నా గడ్డి ఇప్పిచ్చమని అడుగు."

అడిగాను. మేడం నోరు తెరిచింది. "ఐ హావ్..." అంది. అక్కడితో ఆగిపోయి నావైపు చూసింది, ఆ తర్వాతి మాట నా దగ్గరేదో ఉన్నట్టు. నా దగ్గర ఏముంది? తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, నా మోకాలి మీద చేయి వేసింది. "పోనీలే పాపా, చెప్పొద్దులే. ఆయమ్మకు కూడా కష్టంగా ఉన్నట్టుండాది. పిల్లోళ్ళను ఇడిసిపెట్టి ఇంత దూరం వచ్చింది పాపం" అంది. లేచి లోపలికి పోయి మా కోసం చెంబుతో మజ్జిగ తెచ్చింది. బాగా పలచన మజ్జిగ. ఆ ఎనుము పాలదే అయుంటుంది.

జీపులో కూర్చున్నాక మేడం అడిగింది, చివర్న ఏమందని. చెప్పాను. ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కదిరి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. వీపు కదలడాన్ని బట్టి ఏడుస్తోందని తెలిసింది. ఓదార్చడానికి నాకు ఇంగ్లీషులో ఒక మాట తెలుసు. కానీ ఆ మాట అనబుద్ధి కాలేదు. నీళ్ళ సీసా మూత తీసి అందించాను.

ఆమె వెళ్ళిపోయాక ఆ సంస్థలో నేను ఎక్కువ రోజులు ఉండలేదు. ఎవరూ పొమ్మనలేదు, నేనే మానేశాను. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు బోర్డు మీద సానుభూతి అని రాసి ముందుకు పోయేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్ళు. పరీక్షకు అది చాలు.

మరుసటేడు ఒక పెళ్ళికి తనకల్లు వైపు పోయినప్పుడు, ఆ ఊరి దగ్గర బస్సు దిగాను. ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. కొట్టం పైకప్పు సగం ఊడబీకి ఉంది. పక్కింట్లోంచి, ఆరోజు మేడంకు చాప ఇచ్చినామె వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు.

"వాళ్ళు యాడికి పోయినారు అక్కా?"

"బెంగుళూరికి. బిల్డింగు పనికి. మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోయినారు."

"ఎనుము?"

"అమ్మేసినారు."

"పోయేటప్పుడు ఏమన్నా చెప్పి పోయినారా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవరికి చెప్పాల పాపా?" అంది. ఎండగా ఉంది, నీడకు రమ్మంది. ఆమెతో పాటు గోడకానుకుని కూర్చున్నాను. తిరుగు బస్సు వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.