మూడో పిలుపు

మొన్న సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి మా పిన్ని కూతురు శ్రావణి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ఆట ప్రివ్యూ వచ్చిందట. అంతరిక్షంలో సాగే రోల్‌ప్లేయింగ్ గేమ్ అది. మనమే ఒక పాత్రగా మారి, ఎటు వెళ్లాలో, ఎవరితో ఏం మాట్లాడాలో మనమే తేల్చుకుంటూ కథలో నడవాలి. నలభై దాటాక ఈ పిచ్చేమిటని మావాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కానీ ఇలాంటివి ఏవి వస్తున్నా ముందే వెతికి చూస్తాను. గదిలో ఇంకా అగరొత్తి వాసన ఉంది. తెర మీద చీకటి. ఆ చీకట్లోంచి ఓడ నడిచే చప్పుడు మొదలైంది. టక్కుమని ఒక దెబ్బ, కాస్త నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ. అచ్చం మగ్గం చప్పుడు.

తరవాత గాజుపెట్టెలు కనిపించాయి. వాటిలో మనుషులు నిద్రపోతున్నారు. తరాలు పట్టే ప్రయాణం కాబట్టి అందరినీ నిద్రపుచ్చారట. పొడుగాటి నడవా, నీలంరంగు దీపాలు, ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఏదో ఆడగొంతు ఒక పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారే. పెట్టెలోని మనిషి కళ్లు తెరిచాడు.

“అప్పుడే లేవకు” అన్నాను, పైకే.

శ్రావణి కిసుక్కున నవ్వింది. “వాడికి వినపడదులే అక్కా, వీడియోలో ఉన్నాడు.”

“అది కాదే. అందరూ పడుకునే ఉన్నారు కదా. మరి పిలిచిందెవరు?”

దాని నవ్వు ఆగిపోయింది. ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. “నీతో కూచుని ఏదీ చూడకూడదు బాబూ. ఇప్పుడు నేనొక్కదాన్నీ మేడ మీదికి ఎలా వెళ్లాలి?” అంది.

వీడియో కింద అభిమానులు వందలకొద్దీ వ్యాఖ్యలు పెట్టారు. బొమ్మలు ఎంత బాగున్నాయో, ఆయుధాలు ఎలా ఉండబోతున్నాయో రాశారు. నేను చదివినంతలో ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నాకు దాన్ని అడగడం నేర్పిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. ఊరు చల్లపల్లి. విజయవాడలో ఒక బడిలో సైన్సు చెప్పేవారు, మంగళగిరిలో మా ఇంటి ముందు వాటాలో అద్దెకుండేవారు. పెళ్లి చేసుకోలేదు. మాది నేతపని చేసే ఇల్లు. చిన్నతనంలో కీళ్లజ్వరం వచ్చి నా గుండె కవాటం పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పాదాల్లో నీరు. బడి మానిపించేశారు. ఎవరూ అడగకుండానే టీచరుగారు రోజూ బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, మా వసారాలోకి వచ్చి నాకు పాఠం చెప్పేవారు. నాకు వచ్చిన చదువంతా ఆ వసారాలో, ఆవిడ నోటివెంట విన్నదే.

అమావాస్యనాడు మా ఇంట్లో మగ్గం ఆడించరు. ఆ రోజు పాఠం ఉండేది కాదు, ఆట ఉండేది. మగ్గం గుంటలోకి కాళ్లు దించి నాన్న కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టి, తను గట్టు మీద కూర్చునేవారు. గుంట మా ఓడ. ముందు చాచి ఉన్న పడుగు దారాలు నక్షత్రాల దారి. అంతరిక్షం మీద వచ్చిన పుస్తకాలు ఆవిడ దగ్గర బీరువా నిండా ఉండేవి. వాటిలోంచి కొంత, తన బుర్రలోంచి కొంత తీసి కథ నడిపేవారు. “ఏం కెప్టెన్ గారూ, తలుపు తెరుస్తారా, చెవి ఒగ్గి వింటారా?” అని అడిగేవారు. నేను తేల్చుకుని గవ్వలు వేసేదాన్ని. అవి ఎలా పడితే నా గతి అలా ఉండేది. నాలుగడుగులు వేయలేని పిల్లను, గుంటలో కూర్చుని ఏయే లోకాలో తిరిగాను.

ఆ ఆటలో ఒక నియమం మా అమ్మ దగ్గర నుంచి తీసుకున్నది. మా ఇంట్లో పొద్దుగూకాక ఎవరైనా బయటినుంచి పిలిస్తే వెంటనే పలకరు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు, మనిషి కానిది రెండుతోనే ఆగిపోతుందని నమ్మకం. దీనివల్ల మా బాబాయి ఒకసారి గుమ్మంలో రెండుసార్లు పిలిచి, ఇంట్లో ఎవరూ లేరనుకుని, తెచ్చిన పూతరేకులతో సహా వెనక్కి వెళ్లిపోయాడు. ఆ సంగతి విని టీచరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. వచ్చే అమావాస్యకల్లా దాన్ని ఓడలో పెట్టేశారు. ఓడలో అందరూ నిద్రపోకూడదు, ఒకరు కాపలా ఉండాలి. కాపలా మనిషి పడుకున్నవాళ్లను మూడుసార్లు పిలవాలి. మూడోది వినపడేదాకా ఎవరూ లేవకూడదు.

“అమావాస్యపూట పసిదానికి ఆ మాటలేంటండీ” అంది అమ్మ గుమ్మంలోంచి.

“మీ దగ్గర నేర్చుకున్నవేనండీ” అన్నారావిడ. “నేను కాస్త దూరం తీసుకెళ్లాను, అంతే.”

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా విజయవాడలో ఆపరేషన్ చేయాలన్నారు. కోత అంటే నాకు భయం లేదు, మత్తంటేనే భయం. ఆ సంగతి అమ్మకు చెబితే ఏడుస్తుందని టీచరుగారితో చెప్పాను. మత్తులో నేనెక్కడికి పోతాను? ఎవరైనా పిలిస్తే ఎవరో నాకెలా తెలుస్తుంది? “భయపడకు” అని ఆవిడ అనలేదు. “కాపలా నేనుంటాను. నువ్వు తొందరపడకుండా విను” అన్నారు.

ఆ తరవాత జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. చీకట్లో, మగ్గం గుంటలాంటి చోట నా కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. గంజి వాసన వస్తోంది. కిందినుంచి “పద్దూ” అని పిలుపు వినిపించింది. నన్ను అలా పిలిచేది మా నాయనమ్మ ఒక్కతే. ఆవిడ పోయి అప్పటికి చాలాకాలమైంది. ఎంత చనువుగా, ఎంత మెత్తగా పిలిచిందో. పలకాలని ప్రాణం కొట్టుకులాడింది. “పద్దూ” అని మళ్లీ, ఈసారి నా పాదాల దగ్గరగా. నేను పళ్లు బిగబట్టి మూడోదాని కోసం చూశాను. రాలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. కిందినుంచి చలి మాత్రం మోకాళ్ల దాకా ఎక్కింది. అప్పుడు పైనుంచి కరుకు గొంతుతో “పద్మావతీ, పద్మావతీ, ఇటు చూడు పద్మావతీ” అని ఎవరో నర్సు. కళ్లు తెరిచాను.

వార్డులోకి రానిచ్చాక టీచరుగారికి ఒక్కరికే చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది.

“రెండుసార్లేనా? సరిగ్గా విన్నావా?”

“రెండుసార్లేనండీ. మీరు పిలిచారా?”

“మెట్ల మీద నిలబడి మూడుసార్లూ పిలిచానమ్మా. వాచ్‌మన్ వచ్చి, ఇదేమన్నా బస్టాండు అనుకున్నారా అని కేకలేశాడు.”

“మరి ఆ పిలిచింది నాయనమ్మేనా?”

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “నాకు తెలీదు పద్మా. సైన్సు టీచర్ని, మత్తుమందు పని అని చెప్పొచ్చు. అయ్యుండొచ్చు కూడా. పలకలేదుగా, అది చాలు.”

నాకూ అది చాలు. కోసి కుట్టిన డాక్టరుగారికి, ఆ నర్సమ్మకు, కొండ మీది నరసింహస్వామికి, మెట్ల మీద తిట్లు తిన్న ఆవిడకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఎవరి వాటా ఎంతో తేల్చడం నా పని కాదు.

పెద్దయ్యాక కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నేర్చుకుని, దానితోనే బతుకుతున్నాను. అందులోనే మొదటిసారి ఇలాంటి ఆట దొరికినప్పుడు ఆవిడను పిలిచి చూపించాను. కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశారు. “గవ్వలేవీ?” అన్నారు. కంప్యూటరే లోపల వేస్తుందని చెప్పాను. “మనకు కనపడకుండానా? అయితే తొండి చేస్తుందిలే” అన్నారు.

కిందటి వేసవిలో ఆవిడ గుణదలలో చెల్లెలింట్లో మంచాన పడ్డారు. ఊపిరితిత్తులు పనిచేయడం మానేస్తున్నాయన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను వెళ్లి కూర్చుంటే, చెల్లెలుగారు వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పారు.

“నాకు మత్తు కమ్ముతుందట, పద్మా. అప్పుడు నన్ను నువ్వు రెండుసార్లే పిలువు.”

“అదేమిటండీ?”

“మూడోది పిలిస్తే వచ్చేస్తాను. నీ గొంతు వింటే ఉండలేను. వచ్చి మళ్లీ ఈ ఊపిరి కోసం పెనుగులాడాలి. నా వల్ల కాదు తల్లీ.”

మాట ఇవ్వమని అడగలేదు. నా మొహంలోకి చూసి కళ్లు మూసుకున్నారు.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం కబురొస్తే వెళ్లాను. చెల్లెలుగారు నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కెళ్లారు. “పొద్దుట్నుంచీ పిలుస్తూనే ఉన్నానమ్మా, నాకు పలకట్లేదు. నువ్వంటే ప్రాణం కదా, నువ్వు పిలువు.”

“టీచరుగారూ” అన్నాను. సీసా నీళ్లలో ఆక్సిజన్ బుడగలు తప్ప ఏ చప్పుడూ లేదు.

“టీచరుగారూ.”

ఆవిడ కనురెప్పలు కదిలాయి. లోపల ఎవరో తలుపు దాకా వచ్చి గడియ మీద చెయ్యి వేసినట్టు.

“కదిలింది” అన్నారు చెల్లెలుగారు. “విన్నది. ఇంకోసారి, ఇంకొక్కసారి పిలువమ్మా.”

నాకు నోటిదాకా వచ్చింది. ఆవిడ నాకిచ్చిన బతుకు మొత్తం ఆ ఒక్క మాటై నాలుక మీద కూర్చుంది. నేను పళ్లు బిగబట్టి, లోపల స్వామిని తలుచుకుంటూ ఆ రెప్పలవంకే చూశాను. అవి ఇంకా ఎదురుచూస్తున్నాయి. ఎదురుచూసి, ఎదురుచూసి, నెమ్మదిగా ఆగిపోయాయి. “ఎందుకు పిలవలేదు?” అని చెల్లెలుగారు తరవాత నన్ను అడిగారు. చేతులు జోడించాను.

ఇప్పుడు మా వీధిలో ట్యూషన్ పిల్లలు గేటు దగ్గర నిలబడి వాళ్ల టీచర్ని “టీచరుగారూ” అని కేకేస్తుంటే లేచి కిటికీ మూసేస్తాను. ఆ కేక ఎంత దూరం పోతుందో, ఎవరి చెవిన పడుతుందో నాకు తెలియదు. దేవుడి ముందు ఆవిడను తలుచుకునేటప్పుడు కూడా మనసులోనే తలుచుకుంటాను, పెదవి కదపను.