పట్టుగుడ్డలో వడగట్టిన పెట్రోలు

...నిన్న భయమేసి సగంలో ఆపేశాను. అసలు సంగతి ఈ రోజు రాసేస్తున్నా. మన క్లాసులో మీ నలుగురు తప్ప ఇంకెవరూ ఈ నోటుబుక్కు చదవకూడదు...

నా చిన్నప్పుడు, అంటే నాకు పదేళ్ళప్పుడు, పొద్దున్నే స్టార్టు చేస్తే మా కారు చలిజ్వరం వచ్చినట్టు వణికేది... అద్దాలు గలగలమనేవి. కాస్త రేజు చేసి రోడ్డెక్కిస్తే సర్దుకునేది. మర్నాడు మళ్ళీ అదే వణుకు.

వీధిలో తలా ఒక కారణం చెప్పారు. దిష్టి అని అవ్వ బంపరుకు నిమ్మకాయలు కట్టింది. ప్లగ్గులకు మసి పట్టిందన్నారు, మార్చాం. ఇంజను కింది రబ్బరు దిమ్మలు అరిగాయన్నారు, కొత్తవి వేయించాం. వణుకు తగ్గలేదు...

చివరికి తప్పంతా డ్రైవరు మస్తాన్ మామదేనని నాయన తేల్చేశాడు. చలిలో స్టార్టు కావడానికున్న చోక్ అడ్డదిడ్డంగా లాగి ఇంజను పాడు చేశాడట. వచ్చే ఆదివారం తాళాలిచ్చేసి పొమ్మన్నాడు. నేను పుట్టక ముందు నుంచీ మా కారు నడుపుతున్న మనిషిని...

శనివారం మస్తాన్ మామ ఆఖరి ప్రయత్నంగా, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ విప్పాడు. ఊడదీసిన స్క్రూలు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. దాని గిన్నె అడుగున ఎర్రటి నూగు... వెంట్రుక కన్నా సన్నని పోగులు.

చూడగానే తెలిసిపోయింది. అప్పట్లో మా ఊళ్ళో బంకు లేదు. ధర్మవరం నుంచి పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. నాయన స్వయంగా వడగట్టి ట్యాంకులో పోసేవాడు... మా మగ్గం మీద నేసిన ఎర్ర పట్టుగుడ్డతో. పట్టును మించిన వడపోత లేదని నేతవాళ్ళతో గొప్పగా చెప్పేవాడు. ఆ గుడ్డ కోసిన అంచు నుంచి పోగులు ఊడి, పెట్రోలుతో పోయి, కార్బురేటర్లో సన్న రంధ్రానికి అడ్డం పడుతున్నాయి. స్టార్టు చేసినప్పుడు ఇంజనుకు పెట్రోలు చాలక వణుకుతోంది.

మస్తాన్ మామకూ అర్థమైంది. పోగులు తుడిచేయబోయాడు.

"మీ నాయన కోసిన గుడ్డ పాపా అది. ఆయప్ప మొగం మీద నేనెట్ల చెప్పేది? నువ్వు గమ్మునుండు."

నేను గమ్మునుండలేదు. ఒక పోగు అరచేతిలో పెట్టుకుని మగ్గాల గదికి పోయాను. నేతవాళ్ళందరి ముందూ నాయనకు చెప్పాను, తప్పు మస్తాన్ మామది కాదు, నువ్వు వడగట్టే గుడ్డదని.

మగ్గాలు ఆగిపోయాయి. చెంప మీద ఒకటి పడింది.

"ఆడబిడ్డకు ఇంజన్లతో ఏం పని? ఇంగ్లీషు బళ్ళో ఇదేనా నేర్పిస్తాండేది?"

పోగున్న అరచెయ్యి ముడవలేదు.

"నీ మగ్గం రంగు నీకు తెలీదా నాయనా?"

నాయన ఆ పోగును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఆదివారం ఎవరూ తాళాలు అడగలేదు. వంటింట్లో అవ్వ కాఫీ వడగట్టే ఇత్తడి జల్లెడ మాయమైంది. వారం తిరక్కుండా కారు వణకడం మానేసింది...

తప్పు తనదని నాయన ఇప్పటికీ అనలేదు. బానెట్ దగ్గరికి పోతే కాళ్ళు విరగ్గొడతానని మాత్రం అన్నాడు. అయినా పోతున్నాను. నాయన ఊరెళ్ళినప్పుడు మస్తాన్ మామ నా చేత ప్లగ్గులు తుడిపిస్తాడు, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపు చూడడం నేర్పుతాడు. తెలిస్తే ఏమవుతుందో... మానను మాత్రం.

ఇప్పుడు మా ఊరి రోడ్డు మీద బంకు వచ్చింది. పైపు నుంచి నేరుగా ట్యాంకులోకే... ఏం పోస్తున్నారో ఎవరూ చూడరు. కొంచెం వణికితే చాలు, బండిని టౌను షెడ్డుకు పంపేస్తారు. ఇంటి ముందు బానెట్ ఎత్తి వీధంతా తలలు దూర్చి వాదులాడుకునే పొద్దులు ఇక లేనట్టే...

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒప్పుకోని తప్పు మీకొక్కరికే తెలిసిందేదైనా ఉందా? వెనక పేజీల్లో రాయండి. పేర్లు వద్దు...

తలుపు కొడుతున్నారు.

"ఏం రాస్తాండావు తలుపేసుకొని?" నాయన.

ఈ పేజీలు చింపి పరుపు కింద దాస్తున్నాను, రేపు నోటుబుక్కులో పెట్టి మీకిస్తాను. ఒక్క మాట కూడా కొట్టేయలేదు...